పర్సెప్షన్ అను ఆంగ్లపదము: అర్థవిభాగము, తెలుగు పర్యాయములు

ఆంగ్లమునుండి తెలుగునకు వచ్చు పదములలో కొన్ని చూచుటకు సులభములు, వాడుటకు కష్టములు. ‘పర్సెప్షన్’ అను పదము అట్టివానిలో నొకటి. మనశ్శాస్త్రమునందును, తత్త్వశాస్త్రమునందును, న్యాయస్థానములందును, వార్తాపత్రికలందును, ఎన్నికల ప్రసంగములందును ఈ పదము వినబడుచున్నది. అన్నిచోట్లను పద మొక్కటియే. అర్థ మొక్కటి కాదు. నిఘంటువు తెఱచి, తొలుత కనబడిన తెలుగుమాటను పుచ్చుకొని, అన్నిచోట్లను దానినే వాడినచో వాక్యము తెలుగులిపిలో నుండును గాని తెలుగువారికి అర్థము కాదు. ఒక్కొక్కప్పుడు అర్థమైనట్లే తోచి తప్పర్థము కలుగును. మొదటిదానికంటె ఈ రెండవది ఎక్కువ హాని చేయును.

బళ్లారి, హోసూరు, బరంపురము, షోలాపురము మున్నగు తావులలో తరతరములుగా నిలిచియున్న తెలుగువారికి ఈ విచారణ మఱింత అవసరము. అచ్చటి పిల్లలు ఇంట తెలుగును, వీధిలో రాష్ట్రభాషను, పుస్తకములో ఆంగ్లమును ఒక్కసారిగా నేర్చుకొనుచున్నారు. మూడు భాషలలో మూడువిధములుగా నున్న భావమును ఒక్క మాటతో ముడివేసి అప్పగించినచో, ఆ ముడి విప్పుకొను భారము పిల్లలమీద పడును. కావున ఆ పదమునందు ఎన్ని అర్థము లున్నవో విడదీసి, ఒక్కొక్కదానికి తెలుగున ఏ మాట చెల్లునో చూడవలసియున్నది.

ఈ పదమునకు మూలము లాటిను. ‘పెర్’ అనగా సంపూర్ణముగా. ‘కాపెరె’ అనగా పట్టుకొనుట. రెండును కలసి, పూర్తిగా పట్టుకొనుట, చేకొనుట యను అర్థమిచ్చు క్రియ యేర్పడినది. లాటినున ఆ మాట పంటను సేకరించుటకును చెల్లినది, మనసుతో తెలిసికొనుటకును చెల్లినది. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దియందు సిసెరో, గ్రీకు స్టోయిక్ తాత్త్వికుల ‘కటాలెప్సిస్’ అను పారిభాషికపదమును తన భాషలోనికి తెచ్చునపుడు ఒక్క మాటతో తృప్తిపడలేదు. మూడు మాటలను పక్కపక్కన నిలిపెను. వానిలో ‘పెర్కెప్తియో’ ఒకటి. ఒక పదమునకు ఒకటే పదమను నియమమును, లాటిను గద్యమునకు ఒజ్జయైన సిసెరోయే పాటింపలేకపోయెనన్నమాట.

చేతితో పట్టుకొనుట యను మొదటి అర్థము ఆంగ్లమున చాలవఱకు మఱుగుపడినది. పూర్వము కౌలును, ఆదాయములను వసూలు చేసికొనుటకు ఆ పదమును వాడుచుండిరి. నేడు ఆ వాడుక పాత న్యాయగ్రంథములకే పరిమితము. ఫ్రెంచిభాషలో మాత్రము అది సజీవముగనే యున్నది. ఫ్రెంచిలో పన్ను వసూలు చేయుటను నేటికిని ‘పెర్సెప్సియో’ అనియే యందురు. పన్ను వసూలుచేయు అధికారికి ‘పెర్సెప్తర్’ అని పేరు. 1954 వఱకు ఫ్రెంచిపాలనలో నుండిన యానాములోని పెద్దలకు ఆ భాష తెలిసినచో, ఆ మాట వినగానే మనసుకంటె ముందు పన్ను గుర్తుకు వచ్చుటలో వింత లేదు. ఒకే లాటినుమాట ఆంగ్లమున మనసులోనికి పోయినది. ఫ్రెంచిలో మనసుతోపాటు ఖజానాలోను నిలిచినది.

ఇంతవఱకు తెలుగువారికి ఇందు కొత్త యేమియు లేదు. సంస్కృతమునుండి వచ్చిన ‘గ్రహించు’ అను మాటకును పట్టుకొనుటయే మొదటి యర్థము. పాణిగ్రహణమనగా చేయి పట్టుట. సూర్యగ్రహణమనగా సూర్యుని రాహువు పట్టుట యని పెద్దల నమ్మకము. అచ్చతెలుగున ‘పట్టు’ అను మాట చేయుపని అదే: గుర్తుపట్టుట, జాడపట్టుట, వాసనపట్టుట, ఆనవాలు పట్టుట. చదువు రాని పిల్లవానికి చదువు వంటబట్టలేదందురు. చేతితో పట్టుటనుండి మనసుతో పట్టుటకు పోవు దారి రెండుభాషలందును ఒక్కటే. ఆ తరువాతనే దారులు చీలినవి.

ఆంగ్లతాత్త్వికుల చేతిలో ఈ పదము నూఱేండ్లలోపల మూడు రూపులు దాల్చినది. జాన్ లాక్ 1690లో వెలువడిన తన గ్రంథమున రెండవభాగములోని తొమ్మిదవ అధ్యాయమును దీనికే కేటాయించెను. ఆతని లెక్కలో ఇది మనసునకు గల శక్తులలో మొదటిది. చెవిని ధ్వని తాకినను, మనసు వేఱొక ఆలోచనలో మునిగియున్నచో, అది పర్సెప్షన్ కాదు. 1739లో డేవిడ్ హ్యూమ్ ఈ పదము హద్దులను మిక్కిలి పెంచెను. మనసులో మెదలు సమస్తమును, కన్నది, విన్నది, తలచినది, జ్ఞప్తికి తెచ్చుకొన్నది, అన్నియు ఆతనికి పర్సెప్షనులే. 1785లో థామస్ రీడ్ తిరిగి హద్దులు గీసెను. గులాబిని వాసన చూచినపుడు కలుగు అనుభూతి ఒకటి. ఎదుట గులాబి యున్నదని తెలియుట మఱియొకటి. రెండవదియే పర్సెప్షన్ అని ఆతని మతము. హ్యూము వాక్యములోని పదమునకును రీడు వాక్యములోని పదమునకును తెలుగున ఒక్కటే మాట వేసినచో, ఇద్దఱును ఒకే విషయమును చెప్పినట్లు కనబడును. వారి వివాదమే చదువరికి తెలియకుండ పోవును.

నేటి మనశ్శాస్త్రము రీడు చేసిన విభాగమునే అనుసరించుచున్నది. ఇంద్రియమునకు తగిలినది ‘సెన్సేషన్’. తగిలినది ఇది యని మనసు నిర్ణయించుట పర్సెప్షన్. రాత్రివేళ దూరమున గణగణమని ధ్వని వినబడుట మొదటిది. అవి ఎడ్లమెడలోని గంటలని తెలియుట రెండవది. 1960లో ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అను ఇద్దఱు అమెరికా శాస్త్రజ్ఞులు అద్దపుపలక మీద ప్రాకు పసిబిడ్డలను పరీక్షించిరి. అద్దము క్రింద లోతు కనబడు వైపునకు, తల్లి పిలిచినను, వారిలో పెక్కుమంది పోలేదు. ఇచ్చట శాస్త్రజ్ఞులు వాడిన పర్సెప్షన్ అను మాటకు లోతును కన్ను పోల్చుకొనుట యని యర్థము. ఆ బిడ్డలకు లోతును గూర్చి అభిప్రాయ మున్నదని ఎవరును అనరు.

పర్సెప్షన్ వేఱు, అభిప్రాయము వేఱు అనుటకు మఱియొక నిదర్శనము కలదు. 1889లో ఫ్రాంజ్ మ్యూలర్‌లయర్ అను జర్మనుపండితుడు ఒక చిత్రమును ప్రకటించెను. సమానమైన రెండు గీతలు. ఒకదాని కొనలయందు బాణపుములుకులు లోపలికి వాలియుండును, రెండవదాని కొనలయందు వెలుపలికి విచ్చియుండును. విచ్చియున్నది పొడవుగా కనబడును. కొలబద్ద పెట్టి కొలిచి, రెండును సమానమేయని ఒప్పుకొన్న పిమ్మటను, కంటికి అది పొడవుగనే కనబడుచుండును. అభిప్రాయము మాఱినది, చూపు మాఱలేదు. మన పెద్దలు చెప్పు త్రాటిపాము ఇట్టిది కాదు. దీపము తెచ్చి చూచి, త్రాడని తెలిసిన వెంటనే పాము మాయమగును. ఈ రెండింటిని ‘భ్రమ’ యను ఒక్క మాటతో చెప్పుచున్నామను సంగతిని కూడ గుర్తుంచుకొనవలెను.

ఇక ఆంగ్లమున ఈ పదమునకు గల రెండవ ముఖ్యార్థము మెచ్చుకోలు. ఒక విమర్శకునకు మంచి పర్సెప్షన్ కలదనినచో, ఆతని కన్నులు చక్కగా కనబడుచున్నవని కాదు. ఇతరులు చూడనిదానిని ఆతడు చూడగలడని. ‘పర్సెప్టివ్’ అను విశేషణము నేడు ముఖ్యముగా ఈ యర్థముననే వాడబడుచున్నది. దీనికి తెలుగున మాటల కొఱత లేదు. సూక్ష్మగ్రాహి, మర్మజ్ఞుడు అనునవి గ్రంథభాషకు. పసిగట్టగలవాడు, లోతెఱిగినవాడు అనునవి వాడుకకు. ‘పసిగట్టు’ అను మాట వాసననుబట్టి తెలిసికొను జంతువుల నేర్పునుండి వచ్చినది. వినబడనిదానిని, చెప్పనిదానిని తెలిసికొనుటకు అంతకంటె తగిన మాట దొరకదు.

మూడవ అర్థము నేడు అన్నిటికంటె ఎక్కువగా వినబడునది. చిక్కులన్నియు దీనిలోనే కలవు. ‘పబ్లిక్ పర్సెప్షన్’ అన్నపుడు ప్రజలు కన్నులతో చూచినదని యర్థము కాదు. ప్రజల మనసులో ఏర్పడిన తలంపు అని యర్థము. ఆ తలంపు నిజము కావచ్చును, కాకపోవచ్చును. ‘పర్సీవ్డ్’ అను విశేషణమునందు ఈ సందేహము మఱింత స్పష్టము. ఒకడు తనకు అవమానము జరిగినదని కోపపడెనని చెప్పుచు, ‘పర్సీవ్డ్’ అను మాటను ఆ అవమానమునకు ముందుంచినచో, అవమానము నిజముగా జరిగినదో లేదో తాను పూచీపడనని రచయిత చెప్పుచున్నాడు. తెలుగుచేయునపుడు ఆ విశేషణమును జారవిడిచినచో, ఆ పూచీ అనువాదకుని నెత్తిమీద పడును.

దీనికి ఒక ప్రసిద్ధమైన ఉదాహరణము కలదు. ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ అను సంస్థ 1995 నుండి దేశములకు ఒక సూచిక ప్రకటించుచున్నది. దాని పేరులో ‘కరప్షన్’ అను మాటకును ‘ఇండెక్స్’ అను మాటకును నడుమ ‘పర్సెప్షన్స్’ అను మాట కలదు. లంచములను లెక్కపెట్టి చేసిన పట్టిక కాదది. ఆయా దేశములలోని ప్రభుత్వవ్యవహారములయందు అవినీతి యెంత యున్నదని నిపుణులును, వ్యాపారులును తలంచుచున్నారో దానిని కొలిచి చేసినది. నడిమిమాటను వదలి ‘అవినీతి సూచిక’ అని తెలిగించినచో, తలంపుల కొలత అవినీతి కొలతగా మాఱిపోవును. సంస్థవారు పేరులోనే ఉంచిన హెచ్చరికను అనువాదము తుడిచివేసినట్లగును.

న్యాయశాస్త్రము ఈ విభేదమును ఏనాడో గుర్తించినది. 1872నాటి భారత సాక్ష్యచట్టము ‘వాస్తవము’ అను మాటను నిర్వచించుచు, ఇంద్రియములచే తెలియదగినది ఒకటి, మనిషికి స్పృహయందున్న మానసికస్థితి మఱియొకటి యని రెండు తెగలు చేసినది. ఆ చట్టపు 60వ నిబంధన ప్రకారము చూచినదానిని చూచినవాడే చెప్పవలెను, విన్నదానిని విన్నవాడే చెప్పవలెను, మఱియొక ఇంద్రియముతో తెలిసినదానిని అట్లు తెలిసికొన్నవాడే చెప్పవలెను. అభిప్రాయమును ఆ అభిప్రాయము కలవాడే చెప్పవలెను. 2024 జూలై 1 నుండి ఆ చట్టము స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము అమలునకు వచ్చినను ఈ సూత్రము మాఱలేదు. ఒకనికి ఒక అభిప్రాయ మున్నదనుట వాస్తవమే. ఆ అభిప్రాయములో నున్న విషయము వాస్తవము కానక్కఱలేదు. పర్సెప్షన్ అను పదపు మొదటి అర్థమునకును మూడవ అర్థమునకును నడుమ నున్న గోడ ఇదియే.

ఇక తెలుగుమాటలను పరిశీలింపవలెను. మనశ్శాస్త్ర పాఠ్యగ్రంథములలో సెన్సేషనుకు ‘సంవేదన’ యనియు, పర్సెప్షనుకు ‘ప్రత్యక్షము’ అనియు వాడుట స్థిరపడినది. ప్రత్యక్షము మహాగౌరవముగల మాట. న్యాయదర్శనమున అది ప్రమాణములలో మొదటిది. ఇంద్రియమునకును వస్తువునకును కలిగిన సంబంధమువలన పుట్టినది, తప్పిపోనిది యని దాని లక్షణము. తెలుగువాడని ప్రసిద్ధి గన్న అన్నంభట్టు తన తర్కసంగ్రహమున ముత్యపుచిప్పను వెండిగా చూచుటను ఉదాహరించుచు, దానిని అయథార్థానుభవములలో చేర్చినాడు, ప్రత్యక్షప్రమలో చేర్చలేదు. అనగా ఆ శాస్త్రమున తప్పు ప్రత్యక్షము ప్రమాణము కానేరదు. మనశ్శాస్త్రమున మాత్రము భ్రమయు ఒకవిధమైన పర్సెప్షనే. కావున ‘భ్రమ యనగా తప్పు ప్రత్యక్షము’ అను వాక్యమును తర్కము చదివినవాడు చూచి ఆశ్చర్యపడును. చదువని పిల్లవాడు కంఠస్థము చేయును.

వాడుకభాషలో చిక్కు మఱియొకటి. దేవుడు ప్రత్యక్షమయ్యెనందుము, ప్రత్యక్షసాక్షి, ప్రత్యక్షప్రసారము, ప్రత్యక్షపు పన్ను అందుము. ఇన్నిచోట్లను ఆ మాటకు ఎదుట నున్నది, నేరుగా వచ్చినది అని యర్థము. అట్టి మాటను పబ్లిక్ పర్సెప్షనుకు వాడుట ఎంతమాత్రమును పొసగదు. ఈ సంగతి తెలిసిన పత్రికారచయితలు ‘అవగాహన’ అను మాటను పట్టుకొనిరి. అదియు సరికాదు. అవగాహనయనగా లోనికి దిగి చక్కగా తెలిసికొనుట. ‘వ్యాధిని గూర్చి ప్రజల అవగాహన’ అన్నచో ప్రజలకు ఆ వ్యాధిని గూర్చి సరిగా తెలియునని యర్థము. అదే వ్యాధిని గూర్చి ప్రజలలో లేనిపోని భయ మున్నదని చెప్పదలచి ఆ మాటను వాడినచో భావము తలక్రిందులగును. ‘దృక్పథము’ మఱియొక పొరపాటు. అది చూచు తీరునకు పేరు గాని, చూచినదానికి కాదు. ‘భావన’ కొంత దగ్గఱిది. నిజానిజములకు అది పూచీపడదు.

అసలు తెలుగువాక్యపు కట్టులోనే ఈ వివేకమునకు చోటు కలదు. ‘రాముడు పామును చూచెను’ అన్నచో పాము ఉన్నట్లే. ‘రామునకు పాము కనబడెను’ అన్నచో వెదకకయే కంట పడినదని తెలియును. ‘రామునకు పామని తోచెను’ అన్నచో పాము ఉన్నదో లేదో వాక్యము చెప్పదు. ఆంగ్లమునను ఇందులకు వేఱువేఱు క్రియలు లేకపోలేదు. అయితే వానిని నామవాచకముగా మార్చునపుడు అన్నియు పర్సెప్షన్ అను ఒక్క సంచిలో పడుచున్నవి. మఱియు ‘ఇట్టి పర్సెప్షన్ కలదు’ అని ఆంగ్లమున వ్రాసి ఊరకుండవచ్చును. ఎవరికి కలదో చెప్పనక్కఱలేదు. తెలుగున ‘తోచెను’, ‘అనిపించెను’ అన్న వెంటనే ‘ఎవరికి?’ అను ప్రశ్న పుట్టును. ఆ ‘కి’ విభక్తి లేక వాక్యము నిండదు. ఆంగ్లనామవాచకము దాచిపెట్టిన మనిషిని తెలుగుక్రియ బయటికి పిలుచుచున్నది. అనువాదకుడు ఈ సౌకర్యమును వదలుకొని నామవాచకమునకు నామవాచకమునే వెదకుట తన చేతిలోని దీపమును ఆర్పుకొనుటయే.

ఇరుగుపొరుగు భాషల తీరును ఇచ్చట చూడదగును. కన్నడమున ‘గ్రహికె’ అను మాట ఇంద్రియముతోను మనసుతోను తెలిసికొనుటకు చెల్లుచుండగా, ఒకరికి అనిపించినదానికి ‘అనిసికె’ అను మాట వేఱుగా కలదు. మన ‘అనిపించు’ వలెనే అదియు అనుట యను అర్థముగల ధాతువునుండి పుట్టినది. మనకు క్రియ కలదు గాని, దానినుండి అట్టి నామవాచకము స్థిరపడలేదు. తమిళమున ప్రత్యక్షప్రమాణమును ‘కాట్చి’ యందురు. ‘కను’ అను తెలుగుధాతువునకు అది దగ్గఱిచుట్టము. ఒడియాయందును మరాఠీయందును ‘ధారణా’ అనగా మనసులో నాటుకొన్న తలంపు. పర్సెప్షను మూడవ అర్థమునకు అది చక్కగా సరిపోవును. కాని తెలుగున ధారణయనగా విన్నదానిని మఱువక నిలుపుకొనుట. అవధాని చివర తన పద్యములన్నిటిని ధారణ చేయును. బరంపురమునను షోలాపురమునను చదువుకొను తెలుగుపిల్లలు బడిలోని అర్థమును ఇంటిమాటకు అంటించి ‘ప్రజల ధారణ’ అని వ్రాయుట సహజమే. తెలుగునాటి పరీక్షకుడు దానిని జ్ఞాపకశక్తియని చదువుటయు సహజమే. తప్పు పిల్లలది కాదు. రెండు భాషలును ఒకే సంస్కృతపదమును తెచ్చుకొని వేఱువేఱు పనులకు పెట్టినవి. ఈ సంగతిని పాఠమునందే తెలుపవలెను.

ఒక ఆక్షేపణ రావచ్చును. శాస్త్రమునకు పారిభాషికపదము స్థిరముగా నుండవలెను. చోటుచోటునకు మాట మార్చినచో విద్యార్థి తికమకపడునని కొందఱందురు. ఇది ఒప్పదగినదే. మనశ్శాస్త్ర గ్రంథములోపల ప్రత్యక్షము అను మాట ఉండవచ్చును. ఇది న్యాయదర్శనములోని ప్రత్యక్షము కాదని మొదటనే ఒక్క వాక్యము వ్రాసిన చాలును. అయితే స్థిరత్వము ఒక శాస్త్రపు గోడలలోపలిది. ఆ గోడ దాటి పత్రికకును, కచేరీకిని, సాహిత్యవిమర్శకును ఆ మాటనే మోసికొనిపోవుట స్థిరత్వము కాదు. ఆంగ్లేయునకు ఒకే ధ్వనిగల పదము అలవాటై, సందర్భమునుబట్టి అర్థము తెలియును. ఆ అలవాటు లేని తెలుగువానికి సందర్భమును మాటతోనే అందింపవలెను.

పైవిచారణనుబట్టి ఒక పద్ధతి యేర్పడుచున్నది. వాక్యములో పర్సెప్షన్ కనబడినపుడు, ఇది తప్పగుటకు వీలు కలదా, ఇది ఎవరికి కలిగినది అను రెండు ప్రశ్నలు వేయవలెను. ఇంద్రియమునకు సంబంధించినచో ‘కనబడుట, వినబడుట, పోల్చుకొనుట, ఇంద్రియగ్రహణము’ అను మాటలు చెల్లును. సూక్ష్మబుద్ధిని మెచ్చుకొనునదైనచో ‘గ్రహింపు, పసిగట్టుట, మర్మజ్ఞత’ చెల్లును. జనులలోని తలంపైనచో ‘జనులకు ఇట్లు తోచుచున్నది’ అని క్రియతో చెప్పుట మేలు. నామవాచకమే కావలెనన్నచో ‘తలంపు, అభిప్రాయము, భావన’ కలవు. ఈ మూడవతెగలో ప్రత్యక్షమును, అవగాహనను వాడరాదు. నిజమని రుజువు కానిదానికి నిజపు ముద్ర వేయుట అగును.

వ్యాపారప్రకటనలయందును రాజకీయములయందును, జనులకు ఎట్లు తోచిన అదియే నిజమను అర్థముగల ఒక ఆంగ్లసామెత నేడు ప్రచారములో నున్నది. ఆ సామెతకు బలము వాదమువలన వచ్చినది కాదు. ఒకే పదములో కన్నదానిని, అనుకొన్నదానిని కలిపివేయుటవలన వచ్చినది. దానిని తెలుగున ‘అనిపించినదే నిజము’ అని చెప్పి చూచినచో, వినువాడు వెంటనే ‘ఎవరికి అనిపించినది?’ అని అడుగును. ఇతరభాషల నడుమ పెరుగు పిల్లలకు తెలుగు నేర్పునపుడు పదములపట్టికతోపాటు ఈ ప్రశ్నను కూడ నేర్పవలసియున్నది.